ఊళ్ళకూ ఇంటిపేరు కావాలి

‘ఆత్మకూరు’ అన్న డేట్‌లైన్‌తో, అంటే మొదట్లో ఆ ఊరి పేరుతో, వార్త వస్తే మా పత్రిక డెస్కులో మొదట అడిగే మాట ఒక్కటే: ఏ ఆత్మకూరు? మన నెల్లూరు జిల్లాదా, నల్లమల అంచున శ్రీశైలం వెళ్ళే దారిలో ఉన్నదా, అనంతపురం వైపుదా, తెలంగాణలో వనపర్తి దగ్గరిదా? మాకైతే ఒక ఫోన్ చేస్తే తేలిపోతుంది. హాల్‌టికెట్ పట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కే పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. ఏ ఊరికి వెళ్ళాలో తెలియని టెన్షన్ పరీక్ష టెన్షన్‌కు తోడవుతుంది.

గూడూరు సంగతీ ఇంతే. కృష్ణా, కర్నూలు, మహబూబాబాద్ జిల్లాల్లోనూ గూడూర్లున్నాయి. కందుకూరు రంగారెడ్డి జిల్లాలోనూ ఉంది. పెన్నకు ఉత్తరాన మన కోవూరు, గోదావరి ఒడ్డున కొవ్వూరు తెలుగులో వేరువేరు పేర్లే. ఇంగ్లీషులో రాస్తే మాత్రం తేడా ఒక్క ‘వి’ అక్షరం.

తపాలా శాఖ ఈ చిక్కును ఎప్పుడో గుర్తించింది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చిన కారణాల్లో ఒకే పేరున్న ఊళ్ళ గందరగోళం ఒకటి. పిన్‌లో ముందు 524 ఉంటే నెల్లూరు వైపు, 518 ఉంటే కర్నూలు వైపు అని ఉత్తరాలు వేరుచేసేవారికి తెలుస్తుంది. కానీ మనుషులు అంకెలతో ఊళ్ళను పిలుచుకోరు.

జిల్లా పేరు తగిలిస్తే సరిపోదా అంటారు. మనవాళ్ళు అలాగే ‘నెల్లూరు గూడూరు’, ‘కర్నూలు ఆత్మకూరు’ అంటూ వచ్చారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ గూడూరు తిరుపతి జిల్లాకు, ఆ ఆత్మకూరు నంద్యాల జిల్లాకు వెళ్ళాయి. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి కొత్త జిల్లాలోకి వెళ్ళి, 2022లో తిరిగి నెల్లూరుకు వచ్చింది. సరిహద్దు జరిగినప్పుడల్లా మారిపోయేది ఇంటిపేరు ఎలా అవుతుంది?

మన పెద్దలు ఇంకో దారి చూపారు. ఒంగోలు పక్కనున్నది ఉత్త నూతలపాడు కాదు, సంతనూతలపాడు. పర్చూరు వైపు మరో నూతలపాడు ఉంది. సంతమాగులూరు పేరులోనూ ఆ సంతే ఉంది. పాలకులు మారినా చెక్కుచెదరని గుర్తును, ఆ ఊరి బతుకులోంచే తీసుకున్నారు. ఏరో, కొండో, చెరువో, సంతో ఏదైనా సరే, అదే ఊరి ఇంటిపేరు కావాలని మా అభిప్రాయం. పేర్లు మార్చమని మేము అనడం లేదు. ఆ మాట ఎవరన్నా వ్యతిరేకిస్తాం.

ఉదయగిరినే చూడండి. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వచ్చేది ఖారవేలుడి శాసనమున్న ఒడిశా ఉదయగిరి. తర్వాత గుప్తుల కాలపు వరాహమూర్తి ఉన్న మధ్యప్రదేశ్ ఉదయగిరి. కన్యాకుమారి జిల్లాలోనూ ఒక ఉదయగిరి కోట ఉంది. మన ఉదయగిరి కోటను ఒడిశా గజపతి రాజుల నుంచి గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలకు సుమారు ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట చేజిక్కాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి, దానికోసమే గుడి కట్టించాడు. హంపి కృష్ణాలయం చూసొచ్చిన మన పిల్లల్లో ఎంతమందికి ఆ స్వామి మన జిల్లా నుంచి వెళ్ళాడని తెలుసు? పేరు ఒకటే కావడం వల్ల చరిత్ర కూడా పక్క ఊరి ఖాతాలో పడిపోతుందని మా బాధ.

బస్సు టికెట్లు, హాల్‌టికెట్లు, ప్రభుత్వ యాప్‌లు అన్నింటిలో ఊరి పేరు పక్కన జిల్లాతో పాటు అందరికీ తెలిసిన ఒక గుర్తు రాయాలి. తెలంగాణలో కొన్ని ఆత్మకూర్లకు చేసినట్టు బ్రాకెట్లో ఒక ఇంగ్లీషు అక్షరం పెడితే కొత్తవాళ్ళకు ఏమీ అర్థం కాదు. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలోని పాత ఊరిపేర్లను బడిపిల్లలకు అందేలా తెలుగులో తేవాలి.

మీ ఊరి పేరు వెనక కథ తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే, అడిగి మాకు రాసి పంపండి. అచ్చు వేస్తాం.