పుత్రోత్సాహానికి ప్రీమియం ఎంత?

పాతికేళ్లు నిండని కొడుకు గురించి మొహమాటం లేకుండా మాట్లాడేది ఈ లోకంలో కారు బీమా కంపెనీ ఒక్కటే. చుట్టాలు నోరు తెరవరు. అమ్మ ఒప్పుకోదు. కంపెనీ మాత్రం వయసెంత, లైసెన్సు వచ్చి ఎన్నేళ్లయింది, ఇదివరకు ఎక్కడైనా గుద్దాడా అని మూడు ముక్కలు అడిగి, మీవాడి మీద తనకున్న నమ్మకం ఎంతో పైసలతో సహా రాసిస్తుంది.

ఆ కాగితం చూసిన తండ్రికి కోపం రావడం సహజం. విచిత్రం ఏమిటంటే ఆ కోపం కంపెనీ మీద వస్తుంది. కొత్తగా స్టీరింగ్ పట్టిన కుర్రాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేస్తారన్నది ఆ కంపెనీ పుట్టించిన నింద కాదు. అయినా ‘మావాడు అలాంటివాడు కాదండీ’ అన్న మాటకు డిస్కౌంట్ ఇచ్చే పాలసీ ఇంతవరకూ మార్కెట్లోకి రాలేదు. అందుకని పొదుపు బాధ్యత కుటుంబమే నెత్తినేసుకుంటుంది.

మొదటి ఉపాయం, కొడుకే లేడని చెప్పడం. ఆరడుగుల మనిషి సోఫా నిండా పడుకుని ఉంటాడు. ఫారంలో మాత్రం ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరే. అమెరికాలో కంపెనీలు ఇంట్లో లైసెన్సున్న వాళ్లందరి పేర్లూ అడుగుతాయి. ఒక మనిషిని పాలసీ నుంచి పూర్తిగా మినహాయించమని రాసివ్వడానికి కూడా చాలా రాష్ట్రాల్లో వీలుంది, ప్రీమియం తగ్గుతుంది. కాకపోతే ఆ తర్వాత అతను ఆ కారు తోలితే బీమా లేనట్టే. ఈ షరతు ఇంట్లో అందరికీ తెలుసు, తాళాలు గుమ్మం పక్కనే వేలాడుతూ ఉంటాయి, అర్జంటుగా టూత్‌పేస్ట్ తేవడానికి ఎవరు వెళ్తారో చెప్పనక్కర్లేదు.

రెండో ఉపాయం ఇంకా గొప్పది. కారు అబ్బాయిది, కాగితాల్లో నాన్నది. ఆ కాగితాల ప్రకారం అరవయ్యో ఏట అడుగుపెట్టిన పెద్దాయన శనివారం అర్ధరాత్రి రెండింటికి స్నేహితుల ఇంటి నుంచి తిరిగొస్తుంటాడు, సీటు బాగా వెనక్కి జరుపుకుని, పాటలు గట్టిగా పెట్టుకుని. బ్రిటన్లో దీన్ని ఫ్రంటింగ్ అంటారు, మోసం కింద జమకడతారు. దొరికితే క్లెయిమ్ పోతుంది, పాలసీ రద్దవుతుంది, ఆ తర్వాత తండ్రీకొడుకులిద్దరికీ బీమా ఇచ్చేవాడి కోసం వెతుక్కోవాలి.

దొరక్కపోతే లాభమేగా అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. క్లెయిమ్ లేకుండా బండి నడిపినందుకు వచ్చే బోనస్ సాధారణంగా పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్లకే చెందుతుంది. మన దేశంలో ఏడాదిపాటు క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం, అలా వరసగా అయిదేళ్లు గడిస్తే 50 శాతం తగ్గుతుంది. కొడుకు ఎనిమిదేళ్లు జాగ్రత్తగా తోలిన పుణ్యమంతా నాన్న ఖాతాలో పడుతుంది. ముప్పయ్యో ఏట తన పేరున పాలసీ తీసుకోబోతే అబ్బాయికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ప్రేమగా దాచిపెట్టి, పిల్లవాణ్ణి పిల్లవాడిగానే నిలబెట్టగల ఇలాంటి పథకం మరొకటి లేదు.

కూతురున్న ఇళ్లకు యూరప్‌లో ఒకప్పుడు కాస్త వెసులుబాటు ఉండేది. అమ్మాయిలకు ప్రీమియం తక్కువ పడేది. ఆడా మగా తేడా చూపకూడదని అక్కడి న్యాయస్థానం 2011 మార్చిలో తీర్పిచ్చింది, 2012 డిసెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. సమానత్వం గెలిచింది, తండ్రులు ఓడిపోయారు. అమెరికాలో ఇంకో దారి మిగిలి ఉంది: చాలా రాష్ట్రాల్లో పెళ్లయినవాళ్లకు ప్రీమియం తక్కువ. పెళ్లి చేస్తే వాడే కుదురుకుంటాడు అన్న మన పెద్దల మాటను అంకెల్లోకి మార్చింది ఆ కంపెనీలే. అయితే ప్రీమియం తగ్గించుకోవడానికి పెళ్లి చేయడం, ఖర్చు కోణంలో, నేను సిఫార్సు చేయను.

నిజాయితీగా తగ్గించుకునే మార్గాలు లేకపోలేదు, కానీ వాటిలో థ్రిల్ లేదు. రెండు మూడు కార్లుంటే ఒకే కంపెనీలో పెట్టడం. దూరపు ఊళ్లో, కారు లేకుండా చదువుకుంటున్న పిల్లల సంగతి కంపెనీకి చెప్పడం. బండి మరీ పాతదై, దాని విలువతో పోలిస్తే దాని మీద కట్టేది వింతగా కనిపిస్తుంటే సొంత డ్యామేజీ కవరేజీ మానేయడం, ఎదుటివాడి నష్టానికి కట్టేది మాత్రం ఉంచుకోవడం. రెన్యువల్ నోటీసును చదవడం కూడా ఒక మార్గమేనని విన్నాను. ప్రమాదంలో మొదట మన జేబులోంచి పెట్టే మొత్తాన్ని పెంచుకుంటే ప్రీమియం దిగుతుంది. ఆ మొత్తం ఇవ్వాల్సింది గుద్దినవాడే అని ముందే ఇంట్లో తేల్చుకుంటే గుద్దడాలూ దిగొచ్చు.

అన్నిటికన్నా క్రూరమైన పద్ధతి ఒకటుంది. సంపాదిస్తున్న ఇరవై ఆరేళ్లవాడికి అతని వాటా బిల్లు అతని చేతిలో పెట్టడం. నాగరిక కుటుంబాలు దీన్ని అసహ్యించుకుంటాయి. దాని బదులు అతని ఫోన్లో కంపెనీ ఇచ్చే డ్రైవింగ్ యాప్ వేయిస్తాయి. వేగం, ఠక్కున బ్రేకులేయడం, అర్ధరాత్రి ప్రయాణాలు, ఫోన్ పట్టుకోవడం అన్నీ అది రాసుకుంటుంది. న్యాయంగా ఉంటుందని ఇంట్లో అందరి ఫోన్లలోనూ వేస్తారు. నెల తిరిగాక మార్కులొస్తాయి: అబ్బాయికి డెబ్భై ఎనిమిది, అమ్మకు ఎనభై నాలుగు, నాన్నకు నలభై ఒకటి. యాప్ తయారుచేసినవాళ్లకు మన రోడ్లు తెలియవని ఆయన ఆ సాయంత్రమే కంపెనీకి ఘాటుగా మెయిల్ రాస్తాడు, సిగ్నల్ దగ్గర ఆగిన కార్లో కూర్చుని.