పులసకు ఏ పాయ ముందు?

గోదావరిలో పులస గుడ్లు పెట్టే చోట్లలో ముందు దేన్ని కాపాడాలో జన్యు పరీక్షతో తేల్చాలన్న ప్రతిపాదనపై, ఒక మత్స్య పరిశోధకురాలికీ మత్స్యకార సంఘం పెద్దకూ మధ్య వాదం.

పరిశోధకురాలు: డబ్బు తక్కువ, గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పాయలు మూడు. ఒక్కో పాయలో 30 నుంచి 50 చేపల రెక్క అంచు చిన్న ముక్క కత్తిరించి 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తే, పాయకో మంద ఉందో లేదో చూడొచ్చు బాబాయ్ గారూ.

పెద్ద: ముక్క ఎక్కడ కోస్తారండి, సంతలోనా? ఐసు పెట్టెల్లో వచ్చిన సముద్రపు విలస కూడా అక్కడ పులసే.

పరిశోధకురాలు: కొన్న చేప వద్దు. వల ఎత్తిన చోటే, గుడ్లు జారుతున్న చేపకే.

పెద్ద: మూడు పాయల చేపా ఒకటేనని తేలితే? ‘అయితే ఒక్క పాయ ఉంచితే చాల్లే’ అంటారు ఆఫీసరుగారు.

పరిశోధకురాలు: అది తప్పు లెక్క. తరానికి గుప్పెడు చేపలు పాయ మారినా చాలు, జన్యువుల్లో తేడా చెరిగిపోతుంది. మిగతావన్నీ పుట్టిన పాయకే వస్తున్నా పరీక్షకు అందదు.

పెద్ద: అందని పరీక్షతో ముందూ వెనకా ఎలా తేలుస్తారండీ మరి?

పరిశోధకురాలు: పిల్లలతో. బియ్యపుగింజంత పిల్ల పులసదో దాని దాయాది చేపదో కంటికి తెలీదు. సన్నకన్ను వలతో పట్టి, 650 అక్షరాల డీఎన్‌ఏ ముక్క చదివితే తెలుస్తుంది. గుడ్డు దాదాపు ఒక రోజులో పొదుగుతుంది కాబట్టి అప్పుడే పుట్టిన పిల్ల దొరికితే గుడ్లు పెట్టిన చోటు ఎగువన దగ్గర్లోనే ఉన్నట్టు.

పెద్ద: నీళ్ళు వడకట్టి, అందులో చేప వదిలిన డీఎన్‌ఏ వెతికినా చాలంటున్నారుగా?

పరిశోధకురాలు: ఎర్రనీటిలో కష్టం. 0.45 మైక్రాన్ ఫిల్టరు లీటరు పోకముందే బురదతో మూసుకుంటుంది. కుళ్ళిన ఆకూ అలముల నుంచి ఆ నీటిలో చేరే హ్యూమిక్ ఆమ్లం, డీఎన్‌ఏకి నకళ్ళు తీసే పీసీఆర్ పరీక్షను ఆపేస్తే ఉన్న చేప లేనట్టొస్తుంది. అప్పుడు తీసిన డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి పరీక్ష మళ్ళీ నడపాలి. ఎగువ రేవులో ఎవరైనా చేపలు కడిగితే లేని చేప ఉన్నట్టొస్తుంది.

పెద్ద: ఇవన్నీ తేలేలోగా చేప ఉండాలిగా. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పులస ఏరెక్కేది జూలై తర్వాత, ఎర్రనీటితో. నిషేధం అయ్యాకే మా వలల్లోకి వస్తుందండి. ముందు ఆ తేదీలు చూడండి, తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు. 175 ఉన్నాయి, కొన్ని పూర్తిగా ఎత్తమనండి.

పరిశోధకురాలు: తేదీల మాట ఒప్పుకుంటాను. గేటు ఎంత ఎత్తారన్నదొక్కటే కాదు, ఎగువ దిగువ మట్టాల తేడాయే నీటికి వేగం. మీటరు తేడాకే సెకనుకు నాలుగు మీటర్లు దాటుతుంది, చేప ఎదురీదలేదు. మట్టాలు దాదాపు కలిసే పెద్ద వరదలోనే దారి. మిగతా రోజులకి చేప ఎక్కే మెట్లు కట్టి ఆ తేడాను చిన్నచిన్నగా విడగొట్టాలి. అవి గౌతమి వైపా, వశిష్ఠ వైపా అన్నదానికే ఈ పరీక్ష.

పెద్ద: రెండు వైపులా కట్టమనండి. పిల్లలు దిగేటప్పుడు కాలవల్లోకి పోకుండా తలుపుల దగ్గర జాలీ కూడా.

పరిశోధకురాలు: జాలీకి చెత్త పట్టి కాలవ నీరు ఆగితే రైతులు ఊరుకోరు.

పెద్ద: రోజూ తీసే మనిషిని పెట్టమనండి. దానికి డీఎన్‌ఏ అక్కర్లేదు.