432 హెర్ట్జ్ మెసేజ్ ఇంకొకరికి పంపేముందు

ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. "1939లో హిట్లర్ ప్రచారమంత్రి గోబెల్స్ కుట్రపన్ని సంగీతం శ్రుతిని 432 హెర్ట్జ్ నుంచి 440కి పెంచాడు. రాక్ పాటలు కుర్రకారుని రెచ్చగొట్టేది అందుకే. 432 విశ్వం శ్రుతి, మన పూర్వీకులదీ అదే. అందులో పాటలు వింటే బీపీ, షుగరు తగ్గుతాయి, మందులక్కర్లేదు." పంపేవాళ్లు చదువుకున్నవాళ్లే, అదే బాధ.

440 అంటే వాద్యాలన్నీ కలుపుకునే స్వరం సెకనుకి అన్నిసార్లు కంపించాలని. దాన్ని జర్మనీలో యోహాన్ షైబ్లర్ 1834లోనే ప్రతిపాదించాడు. అప్పటికి గోబెల్స్ పుట్టనే లేదు. 1939 మేలో దాన్ని ఖాయం చేసిన సమావేశం జరిగింది లండన్‌లో. బ్రిటిష్ ఆర్కెస్ట్రాలు 439 వాడేవి. మరి 440 ఎందుకంటే, బీబీసీ శ్రుతి స్వరాన్ని సెకనుకి పది లక్షల సార్లు కంపించే స్ఫటికం నుంచి తీసేది. దాన్ని వెయ్యికి తగ్గించి, 11తో హెచ్చవేసి, 25తో భాగిస్తే సరిగ్గా 440. 439 ప్రధాన సంఖ్య, ఈ పద్ధతిలో రాదు. కుట్ర అంటున్నది ఈ లెక్కనే.

ఇక రాక్. జిమీ హెండ్రిక్స్ చాలా పాటలకి గిటార్ తీగలన్నీ అర స్వరం దించి వాయించాడు. అంటే 440 ఉండాల్సిన చోట సుమారు 415, మీ 432 కంటే బాగా కింద. గన్స్ ఎన్ రోజెస్ అనే రాక్ బృందం 1987 ఆల్బమ్ 'యాపిటైట్ ఫర్ డిస్ట్రక్షన్' కూడా అంతే. శ్రుతి దిగితే మనసు చల్లబడేటట్లయితే ఆ ఆల్బమ్ జోలపాటల్లా ఉండాలి! బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' సంగతి ఇంకా తేట. 1966 డిసెంబరులో రెండు వేర్వేరు టేకుల్ని, వేర్వేరు శ్రుతుల్లో, వేర్వేరు వేగాల్లో ఉన్నవాటిని, ఒకదాన్ని పెంచి, ఇంకోదాన్ని తగ్గించి అతికించారు. అతుకు పాట మొదలైన నిమిషానికి పడుతుంది. ఆ రికార్డు పక్కన పియానో వాయిస్తే ఏ మెట్టుకీ నిక్కచ్చిగా కలవదు. టేపు వేగం మార్చడం అప్పటి స్టూడియోల్లో రోజువారీ పని.

విశ్వం శ్రుతి అన్న ముక్క ఒక్క వాక్యంతో సరి: హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలని, ఆ సెకను మనిషి పెట్టుకున్న కొలత.

పూర్వీకుల మాట మాత్రం ఒళ్లు మండిస్తుంది. కర్ణాటక సంగీతంలో షడ్జమానికి, అంటే 'స'కి, నిర్ణీత అంకె ఎప్పుడుంది? హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతికి, ఆడవాళ్లు ఐదు, ఐదున్నరకి పాడతారు. గొంతుని బట్టి శ్రుతి.

ఒకటి ఒప్పుకుంటాను. 432ని కోరినవాళ్లలో మహా సంగీతకర్త వెర్డీ ఉన్నాడు, 1884లో. పై స్థాయి స్వరాల దగ్గర గొంతు నలిగిపోయే ఒపెరా గాయకుల కోసం అది న్యాయమైన కోరికే.

ఇప్పుడు అసలు విషం, మందులక్కర్లేదన్న మాట. 432కీ 440కీ తేడా అర స్వరంలో మూడో వంతు కూడా లేదు. పాటని 432కి దించడానికి వేగం 0.982 చేస్తే నాలుగు నిమిషాల పాట నాలుగు సెకన్లు సాగుతుంది, అంతే. వేగం మార్చకుండా శ్రుతి ఒక్కటే దించితే తాళాల చప్పుడు, మృదంగం దెబ్బ మొదలు మొద్దుబారతాయి. ఆ మెత్తదనాన్నే ప్రశాంతత అనుకుంటున్నారు. రెండూ ఫోన్లో పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఎవరినైనా వినిపించమనండి. సౌండు రెండిటికీ ఒకేలా ఉండాలి, పెద్ద సౌండుదే బాగుందనిపిస్తుంది. పదిసార్లు చేసి, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పారో రాసుకోండి.

నెమ్మదైన పాట వింటే మనసు కుదుటపడుతుంది, ఏ శ్రుతిలోదైనా సరే. అది షుగరు మాత్రకి బదులు కాదు. ఇంట్లో పెద్దవాళ్లున్న గ్రూపుల్లో ఈ మెసేజ్ పెట్టినవాళ్లు, మందులు ఆపొద్దని అదే గ్రూపులో ఇవాళే రాయండి.