సవరణ: సీఏ పరీక్షలో హాలు చూసేదెవరు, పేపర్లు దిద్దేదెవరు

సీఏ పరీక్షల మీద రాసిన ముందు పోస్టులో "హాల్లో అబ్జర్వర్లుగా వచ్చే సీఏలే తర్వాత పేపర్లు దిద్దుతారు" అనే వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. ఆ రెండూ వేర్వేరు బాధ్యతలు.

పరీక్ష గదుల్లో తిరిగే ఇన్విజిలేటర్లు సాధారణంగా ఆ సెంటరు సిబ్బందే. అబ్జర్వర్లను మాత్రం ఈ పరీక్షలు నిర్వహించే ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) తన సభ్యులైన సీఏల్లోంచి పంపుతుంది. పరీక్ష నిబంధనల ప్రకారం జరిగిందో లేదో చూసి చెప్పడం వాళ్ల పని. మార్కులతో వాళ్లకు సంబంధం లేదు.

దిద్దడానికి ఎగ్జామినర్ల ప్యానెల్ వేరే ఉంటుంది. అందులో అనుభవమున్న సీఏలతో పాటు సబ్జెక్టును బట్టి యూనివర్సిటీ అధ్యాపకులు, లాయర్లు కూడా ఉంటారు. సీఏ విద్యార్థులకు కోచింగ్ చెప్పేవాళ్లు అందులో ఉండకూడదు. అందుకే "మా సారే పేపర్లు దిద్దుతారు, ఇక్కడ చేరండి" అని ఎవరైనా అంటే దయచేసి నమ్మి ఫీజు కట్టకండి. ఆ మాట నిజమైతే ఆయన అనర్హుడు, అబద్ధమైతే మీ డబ్బు పోయినట్టే.



ఫలితాలొచ్చాక మార్కులు సరిచూడమని కోరే వెరిఫికేషన్‌ గురించి చాలామంది అడిగారు. అందులో దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందా, కూడికలో తేడా ఉందా అన్నదే చూస్తారు, మళ్లీ దిద్దరు. మీ జవాబు పత్రం కళ్లారా చూడాలంటే సర్టిఫైడ్ కాపీకి విడిగా దరఖాస్తు చేయాలి.