బాట ఉండగా చెల్కలోకి ఎందుకు?

ఆదివారం వస్తే చాలు, మాకు టెన్షన్. హైదరాబాద్ నుంచి రాచకొండ గుట్టలకు బైకులు, జీపులు వరుసకడతాయి. రావద్దని అనడం లేదు. 14వ శతాబ్దంలో పద్మనాయక రాజులు రాజధాని చేసుకుని ఏలిన చోటు, చూడాల్సిందే. కానీ బండ్ల బాట ఉండగా పక్క చెల్కలోకి, అంటే మా మెట్ట చేనులోకి, ఎందుకు దింపుతారు?

మాది ఎర్ర నేల. వాన పడ్డ మర్నాడు మెత్తగా ఉంటుంది. దాని మీద చక్రం గిర్రున తిప్పితే గడ్డి వేర్లతో సహా లేచి గాడి పడుతుంది. తర్వాతి వానకు నీళ్లన్నీ ఆ గాడిలోనే పారి, దాన్ని ఇంకా లోతుగా కోస్తాయి. పైమట్టి కొట్టుకుపోయాక అక్కడ కంది వేసినా ఎదగదు. పోయిన వారం మా చేని ఒడ్డు (గట్టు) తెగ్గొట్టి వెళ్లారు. నేనూ నాన్నా రెండు రోజులు రాళ్లు పేర్చాం.

ఇక సైలెన్సర్లు మార్చిన ఆ మోత! మేకలు బెదిరి చెల్లాచెదురైతే మా పెద్దమ్మ పొద్దుగూకేదాకా గుట్టంతా వెతికింది. మంద కనిపిస్తే ఇంజన్ ఆపి ఒక్క నిమిషం నిలబడలేరా?

మొన్న ఒకతన్ని ఆపి అడిగితే, "ఖాళీ జాగానే కదన్నా" అన్నాడు. అది మా తాత కాలం నుంచి దున్నుతున్న చెల్క.