తాతలకు ఇళ్ల స్థలాలు

చచ్చినవాళ్లందర్నీ తిరిగి బతికించాలన్న ప్రతిపాదనకు నా పూర్తి మద్దతు. సందేహం ఒక్కటే: అంతమందిని ఎక్కడ పెడతారు? దీనికి మాస్కోలో ఒక పెద్దమనిషి ఎప్పుడో జవాబు చెప్పి పెట్టాడు.

ఆయన పేరు నికొలాయ్ ఫ్యోదొరొవ్ (1829–1903), రుమ్యాంత్సెవ్ మ్యూజియం లైబ్రరీలో ఉద్యోగి. పడక ఒక పెట్టె మీద. భోజనం టీ, రొట్టె. జీతం చేతికి రాగానే లేనివాళ్లకు పంచేసేవాడు. తనకంటూ ఏమీ కోరుకోని ఈ మనిషి మానవజాతికి మాత్రం ఒక పని పురమాయించాడు. కొడుకు తండ్రిని బతికించాలి, తండ్రి తాతను, తాత ముత్తాతను, అలా ఆదాము దాకా. భారం దేవుడి మీద వేసి కూర్చోకూడదు. మట్టిలో కలిసిన కణాలన్నీ సైన్సుతో ఏరుకొచ్చి మరీ బతికించాలి. పిల్లల్ని కనడం మానుకుని ఆ ఓపికంతా ఈ పనికే పెట్టాలట. నిజమే, పాతవాళ్లందరూ తిరిగొస్తుంటే కొత్తవాళ్లెందుకు? మనం ఏడాదికోసారి తద్దినం పెట్టి, కాకి ముట్టిందో లేదో చూసుకుని చేతులు దులుపుకుంటాం. ఆయన లెక్కలో అది పని ఎగ్గొట్టడమే.

ఇంతకీ ఈ పితృభక్తుడు గగారిన్ వంశపు రాకుమారుడొకరికి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు. తండ్రి ఇంటిపేరు కూడా దక్కలేదు. ఆ తండ్రే లేచొచ్చి ఎదురుగా నిలబడితే ముందు ఏమడిగేవాడో వినాలని నాకు మహా కోరిక.

ఇక వసతి సంగతి. అందరూ లేస్తే భూమి చాలదు కనక మిగతా గ్రహాలకు పోవాలన్నాడు. అంతరిక్షయానాన్ని సాహసమనుకునేవాళ్లు గమనించాలి: ఆయన ఫైల్లో అది తాతముత్తాతలకు ఇళ్ల స్థలాల పథకం. 1870లలో ఆయన పనిచేసే లైబ్రరీకి రోజూ వచ్చి చదువుకున్న చెవిటి కుర్రాడు త్సియోల్కొవ్‌స్కీ, తర్వాత కలూగాలో బడిపంతులై, రాకెట్టుతో అంతరిక్షానికి పోవచ్చని 1903లో లెక్కలు కట్టి అచ్చు వేయించాడు. అదే ఏడాది చివర్లో ఫ్యోదొరొవ్ న్యుమోనియాతో పోయాడు. బండి సిద్ధమవుతోందనగా స్థలాలు పంచాల్సిన ఆఫీసరు లేకుండా పోయాడన్నమాట.

తర్వాతి తరానికి తొందరెక్కువ. ఒకప్పటి బొల్షెవిక్ వైద్యుడు బొగ్దానొవ్, రక్తం ఇచ్చిపుచ్చుకుంటే ముసలితనం వెనక్కి పోతుందని నమ్మి 1926లో మాస్కోలో రక్తమార్పిడి సంస్థ పెట్టాడు. 1928లో క్షయ, మలేరియా ఉన్న ఒక విద్యార్థితో రక్తం మార్చుకుని చనిపోయాడు. విద్యార్థి బతికాడు. ప్రయోగం సగం ఫలించినట్టే కదా, ఆ సగం మాత్రం ఎవరూ చెప్పరు.

క్రాసిన్ అనే మరో బొల్షెవిక్, గొప్ప గొప్ప నాయకుల్ని సైన్సు బతికించే రోజొస్తుందని 1921లో ఒకరి అంత్యక్రియల్లో అన్నాడని చెబుతారు. గొప్పవాళ్లనే! ఫ్యోదొరొవ్ అందరికీ అన్న పథకం ఇరవై ఏళ్లు తిరక్కుండా వీఐపీ కోటా అయిపోయింది. లబ్ధిదారు ఒక్కడే తేలాడు, అదీ దరఖాస్తు పెట్టుకోనివాడు. 1924 జనవరిలో లెనిన్ పోగానే, ఆయన పేర స్మారకాలు వద్దు, శిశువిహారాలు, బడులు, ఇళ్లు కట్టండని భార్య క్రూప్‌స్కాయా ప్రావ్దా పత్రికలో రాసింది. శవం చెడకుండా చూసే పని క్రాసిన్ ముందుండి నెత్తికెత్తుకున్నాడు. పెద్దలు ఆవిడ మాటా తీసేయలేదు, ఇల్లు కట్టారు. ఆయనకే, ఎర్ర మైదానంలో, ముందు చెక్కతో, 1930 నాటికి గ్రానైటుతో.