మహారాజశ్రీ బరువు పరిమితి గారికి

మహారాజశ్రీ బరువు పరిమితి గారి సముఖమునకు, మీ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీరు కుశలమేనని నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ఏ వీడియో గేమ్ పెట్టినా, సంచిలో ఎంత మోయొచ్చో తేల్చడానికి మీరు నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటారు. నా కుశలం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మొన్న ఆదివారం మా పెద్దనాన్నగారి మనవరాలి పెళ్ళి. నేను వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. ఇంట్లోవాళ్ళు ఎక్కిన ఆటో వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే లేచి స్కైరిమ్ పెట్టాను. 2011లో వచ్చిన ఆట, నేను ఆడటం ఇది మూడోసారి. దానికోసం గుత్తివంకాయ కూర, బూరెలు, గడ్డపెరుగు వదులుకున్నానని తమరు గమనించాలి. ఆ ఖర్చు మీ ఖాతాలోనే రాస్తున్నాను.

బోన్‌స్ట్రూన్ క్రెస్ట్ అనే గుట్ట మీద డ్రాగన్‌ని చంపడానికి ముప్పావు గంట పట్టింది. నాలుగుసార్లు నేను చచ్చాను, ఐదోసారి అది చచ్చింది. దాని ఒంట్లోంచి మూడు ఎముకలు, రెండు పొలుసులు తీశాను. ఎముక 15, పొలుసు 10, వెరసి 65. నా సంచిలో అప్పటికే 239 ఉంది. తమరు దయతో ఖరారు చేసిన హద్దు 300. నాలుగు ఎక్కువైంది. అంతే, స్క్రీన్ మూల నుంచి చిన్న అక్షరాల్లో మీ తాఖీదు వచ్చింది, ఇంత మోస్తూ పరుగెత్తడం కుదరదని.

అప్పటిదాకా మంటల్లోంచి గెంతుకుంటూ వచ్చినవాణ్ణి. ఆ క్షణం నుంచి పెళ్ళిపీటల మీదికి నడిచే పెళ్ళికూతురిలా అడుగులో అడుగు వేశాను. ఫాస్ట్ ట్రావెల్, అంటే మ్యాపులో ఊరు నొక్కి క్షణంలో అక్కడికి చేరడం, అదీ లేదన్నారు. మ్యాపులో విండ్‌హెల్మ్ ఊరు కనిపిస్తూనే ఉంది, నొక్కితే మాత్రం మీరు అడ్డం. సరే, నడుద్దాం అనుకున్నాను. నడిచాను కూడా. నా జీవితంలో డాక్టరు చెప్పినా అంత నడవలేదు.

నడుస్తూ ఆలోచించడానికి బోలెడంత టైమ్ దొరికింది కాబట్టి మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడగాలనిపించింది.

నా జేబులో 18 వేల బంగారు నాణేలున్నాయి. వాటి బరువు సున్నా. నాలుగొందల బాణాలున్నాయి. సున్నా. తాళాలు తీసే పుల్లలు, తాళంచెవుల గుత్తులు, అన్నీ సున్నా. కానీ క్యాబేజీ పావు. పుస్తకం ఒకటి. అంటే పద్దెనిమిది వేల నాణేల మూటకన్నా క్యాబేజీ బరువు. ఏ రైతుబజారులో నేర్చుకున్నారు సార్ ఈ తూకం? పైగా ఆ 300 అనేది ఏమిటి? కిలోలా, వీశెలా, మణుగులా? ఎక్కడా రాయలేదు. కొలమానం లేని కాటా పెట్టుకుని ఇన్నేళ్ళు దర్జాగా వ్యాపారం చేస్తున్నది లోకంలో మీరొక్కరే.

దాన్నైనా క్షమిస్తాను. క్షమించలేనిది 300కీ 301కీ మధ్య మీరు కట్టిన గోడ. 300 మోస్తున్నప్పుడు నేను గుర్రంతో పోటీపడి ఉరకగలను, కొండలు ఎక్కగలను. అదే మూడొందలకు ఒక పుస్తకం తోడైతే పక్షవాతం. మనిషి ఒళ్ళు అలా పనిచేయదండీ. 25 కిలోల బియ్యం బస్తా భుజానేసుకుని మెట్లెక్కేవాడి మీద ఇంకో కిలో పప్పు పెడితే తిట్టుకుంటాడు, రొప్పుతాడు, అంతేగానీ మెట్టు మీద శిలైపోడు. వెనక కుక్క తరిమిందా, బస్తాతో సహా పరుగెడతాడు కూడా. గ్యాస్ సిలిండరు మోసే కుర్రాళ్ళని చూడండి ఒకసారి. మీకు తెలిసినవి రెండే, అశ్వం, నత్త. మధ్యలో మనిషి అనేవాడు ఉంటాడని మీకెవరూ చెప్పలేదు.

లెవెల్ పెరిగినప్పుడల్లా స్టామినా ఎంచుకుంటే 5 చొప్పున హద్దు పెంచుతారట. మహాప్రసాదం. నేను ప్రతిసారీ హెల్త్ ఎంచుకున్నాను. బతికుంటే బలుసాకు తినొచ్చని మా తాత అనేవాడు. ఆ బలుసాకుకీ బరువు కడతారని ఆయనకు తెలియదు.

వేరే ఆటల్లో ఉన్న మీ చుట్టాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ వేరే ఉత్తరం రాసే ఓపిక లేదు. ఎల్డెన్ రింగ్‌లో మీ తమ్ముడున్నాడు. సంచిలో వంద కత్తులు వేసుకున్నా నోరెత్తడు. ఒంటి మీద వేసుకున్నదానికే లెక్క. మోయగల దానిలో 70 శాతం దాటిందా, దెబ్బ తప్పించుకోవడానికి రోల్ చేస్తే వీరుడు కాదు, మెట్ల మీంచి దొర్లిన రుబ్బురోలు. అందుకని లక్షణమైన ఇనుప కవచం వేసుకుని, కింద ప్యాంటు విప్పేసి బాస్ అనే పెద్ద శత్రువు ముందుకు వెళ్తున్నాను. ప్రపంచాన్ని ఉద్ధరించబోయేవాడి అవతారం అది. విచర్ 3లో మీ బావగారు ఇంకో రకం. మోసే శక్తి గుర్రం జీను సంచిలో ఉంటుందంటాడు. ఆ గుర్రం రెండూళ్ళ అవతల గడ్డి తింటున్నా సంచి మాత్రం నా వీపు మీద పనిచేస్తుంది. రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్ విరిగిన పారలు, చిరిగిన తోళ్ళు ఏరుకుంటూ తిరుగుతుంటే పాత ఇనప సామాన్లు కొంటాం అని మైకు పెట్టాలనిపిస్తుంది. ఆకులూ వేర్లూ కూడా మొదట్లో బరువే అన్నారు. జనం గోల పెట్టాక ఒక ప్యాచ్‌లో, అంటే ఆటకి తర్వాత చేసిన సవరణలో, వాటికి మినహాయింపు ఇచ్చారు. గోల పెడితే దిగొస్తారన్నమాట, గుర్తుపెట్టుకుంటాను. డ్రాగన్స్ డాగ్మా 2లో మనిషిని భారీగా తయారుచేసుకుంటే ఎక్కువ మోస్తాడు, అదొక్కటే నాకు న్యాయంగా తోచింది. నా ఆకారానికి అక్కడే కాస్త గౌరవం దక్కింది. ఇక మొదటి డయాబ్లోలో బంగారం కూడా సంచిలో గళ్ళు తినేది, 5000కి ఒక గడి. చిరాకే, కానీ నిజాయితీ ఉంది. డబ్బుకి చోటు కావాలని ఒప్పుకున్నారు కదా.

మళ్ళీ ఆదివారానికి వస్తాను.

ఒకటి పడేస్తే పోయేదిగా అని మీరు అనొచ్చు. మా అమ్మ కూడా అదే అంటుంది, తను మాత్రం ఏదీ పడేయదు. నేనూ చూశాను. ఆగి, సంచి తెరిచి, ఒక్కొక్కటీ చూశాను. గాయాలకు తాగే మందు సీసాలు నలభై, ఒక్కోటి అర చొప్పున ఇరవై. పడేయొచ్చు, కానీ ముందు పెద్ద బాస్ వస్తే? (మూడుసార్లు ఆడాను ఈ ఆట. ఆ పెద్ద బాస్ వచ్చాడు, పోయాడు, మందు ఒక్కసారీ తాగలేదు. ఇంకా పెద్దవాడు వస్తాడని దాచాను.) మూడు కత్తులు, అమ్మకానికి. నాలుగు పుస్తకాలు, చదవలేదు. తిండి సామాన్లు, ఏదో ఒకరోజు పనికొస్తాయి. ఎముకలా? డ్రాగన్ ఎముకలతో కవచం చేయాలంటే స్మితింగ్, అంటే కమ్మరి పనితనం, 100 ఉండాలి, నాది 41. పోనీ అమ్ముదామంటే ఒక్కో ఎముక ఖరీదు 500, ఊళ్ళో కొట్టువాడి గల్లాలో ఉండేదే 750. అంటే నేను మోసుకెళ్తున్నది ఇప్పుడు వాడలేనిది, అక్కడ పూర్తిగా అమ్మలేనిది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా డ్రాగన్ ఎముక సార్ అది! రోడ్డు పక్కన పారేసి వెళ్ళడానికి నాకేమైనా పిచ్చా?

ఆటలో నా వెంట తిరిగే లిడియా ఉండుంటే ఆవిడ నెత్తిన పెట్టేవాణ్ణి. మీ భారాలు మోస్తానని ప్రమాణం చేశాను అంటూ, ప్రమాణం చేసి తప్పు చేశానన్న గొంతుతో పుచ్చుకునేది. కానీ గుమ్మాల్లో అడ్డంగా నిలబడుతోందని నేనే ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి వచ్చాను. అది నా తప్పే.

నడక మధ్యలో ఒక ఉపాయం తట్టింది. వర్ల్‌విండ్ స్ప్రింట్ అని ఒక అరుపు ఉంది కదా, దానికి మీ చట్టం వర్తించదు. అరవడం, గాల్లో దూసుకెళ్ళి పది బారల అవతల పడటం, మళ్ళీ గొంతు సర్దుకునేదాకా ఇరవై సెకన్లు ఆగడం, మళ్ళీ అరవడం. పెళ్ళి మానేసి, చీకటి గదిలో కూర్చుని, వేడినీటి బుగ్గల మధ్య కప్పలాగా గెంతుకుంటూ వెళ్ళాను. నాలుగోసారో ఐదోసారో అరిచి ఎగిరి ఎక్కడ పడ్డానంటే, ఏనుగుల్లాంటి మామోత్‌లు కాసుకుంటున్న ఒక జెయింట్ కాళ్ళ దగ్గర.

ఆ జెయింట్ మంచివాడే. ముందు దుడ్డుకర్ర ఎత్తి హెచ్చరించాడు. పొమ్మన్నాడు. పోవాలనే నాకూ ఉంది. పరుగెత్తనిచ్చింది ఎవరు? నా గొంతు ఇంకా సర్దుకోలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ, వాడి మొహం చూస్తూ, వెనక్కి నడిచాను. వాడు కొట్టిన ఒక్క దెబ్బకి ఆకాశంలోకి లేచాను. నిజంగానే లేచాను, మబ్బుల దాకా. ఆ ఎత్తు నుంచి విండ్‌హెల్మ్ చాలా దగ్గరగా కనిపించింది.

సేవ్? ఏ సేవ్? ఫాస్ట్ ట్రావెల్ చేస్తే ఆటోసేవ్ అవుతుంది, నువ్వు చేయనివ్వలేదు. తలుపు దాటితే అవుతుంది, మైదానంలో తలుపులెక్కడివి? మెనూ తెరిచినప్పుడు సేవ్ అయ్యే సదుపాయం నేనే ఆపేశాను, అది వేరే కథ, దాని జోలికి రాకు. ఆఖరి సేవ్ ఎప్పటిదంటే డ్రాగన్ బతికున్నప్పటిది. అది మళ్ళీ గుట్ట మీద రెక్కలు విప్పుకుని కూర్చుని ఉంది. ముప్పావు గంట యుద్ధం, అరగంట నడక, మూడు ఎముకలు, రెండు పొలుసులు, గుత్తివంకాయ కూర. అన్నీ పోయాయి. నాలుగు కోసం. కిలోలో వీశెలో కూడా తెలియని నాలుగు కోసం! మీరు, తమరు అనే మాటలు ఇంక నా నోట రావు. నువ్వు నాకు చేసిందానికి నువ్వు అనడమే ఎక్కువ.

ఇంట్లోవాళ్ళు సాయంత్రం వచ్చారు. తలనొప్పి తగ్గిందా అని అమ్మ అడిగింది. అప్పుడు నిజంగానే ఉంది. పెళ్ళినుంచి నాకోసం కవర్లో ఆరు బూరెలు పట్టుకొచ్చింది. గిన్నెలో పెట్టి ఇచ్చి, ఆ కవర్ కడిగి, ఆరేసి, మడతపెట్టి, కవర్ల కవర్లో దాచింది. మా వంటింట్లో అదొకటి ఉంది. దాని నిండా కవర్లు. అటక మీద మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, నేను ఐదో తరగతిలో వాడిన జామెట్రీ బాక్సు. నువ్వు గనక ఆ అటక మీద పనిచేసి ఉంటే మా ఇల్లు ఎప్పుడో నత్తలా నడిచేది.

మా అక్క అమెరికా వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. పెట్టెకి 23 కిలోలు. ఇంట్లో వేలాడే కాటాతో మూడుసార్లు తూచాం. ఎయిర్‌పోర్టులో కౌంటర్ ముందు చూస్తే 24.6. వెనక క్యూ అంతా చూస్తుండగా పెట్టె తెరిచి, మడత బట్టల మధ్యనుంచి ఒక్కో పొట్లం తీస్తుంటే, కందిపొడి తీసెయ్, ఆవకాయ మాత్రం ముట్టుకోకు అని అమ్మ బయటి అద్దం దగ్గరినుంచి సైగలు. అక్క కారప్పొడి పొట్లాలు కోటు జేబుల్లో కుక్కుకుంది, రెండు స్వెట్టర్లు తొడుక్కుంది. మే నెల. అక్కడ కాటా ఉంది, కిలోలు ఉన్నాయి, ఎక్కువైతే డబ్బు కట్టే దారుంది. అన్నిటికీ మించి, అక్క పట్టుకెళ్ళిన ఆవకాయని అక్కడ ఎవరో ఒకరు తిన్నారు. నా నలభై మందు సీసాలు ఎవరు తాగుతారు?

కోపంలో ఒక పని చేశాను, దాచను. ఆట నియమాల్నే మార్చే కన్సోల్ తెరిచి ఒక్క లైను కొట్టి నీ 300కి పదివేలు కలిపాను. నీ పని అయిపోయిందనుకున్నాను. విండ్‌హెల్మ్ వెళ్ళి సత్రంలో పళ్ళేలు, చెంచాలు, చీపుర్లు, బకెట్లు, దుకాణాల్లో అందిన ప్రతిదీ ఎత్తాను. గంట గడిచింది. దొంగతనానికి సిపాయి మీదికొచ్చాడు. కత్తి తీద్దామని సంచి తెరిస్తే కత్తి ఎక్కడుందో కనపడలేదు. బకెట్, బకెట్, చెంచా, చీపురు, బకెట్. మా అటక అది. మూసేసి, సేవ్ చేయకుండా బయటికొచ్చాను. ఇది నీకు మార్కులు వేయడం కాదు. నిన్ను తీసేస్తే నేనేమవుతానో నీకు ముందే తెలుసన్నమాట, అదే నాకు మంట.

ఈ వారం లిడియాని వెంటబెట్టుకుని మళ్ళీ ఆ గుట్ట ఎక్కుతున్నాను. గుమ్మాల్లో నిలబడితే నిలబడనీ.

ఇట్లు,
నాలుగు ఎక్కువైనవాడు

తా.క.: ఈ ఉత్తరంలో లెక్కలు తప్పు పోకూడదని ఇందాక పాత సేవ్ తెరిచి సంచిలో జాబితా సరిచూశాను. తిండి సామాన్ల అడుగున రెండు చీజ్ చక్రాలున్నాయి. ఒక్కోటి 2. ఆ గుట్ట మీదే నిలబడి రెండూ తినేసి ఉంటే సరిగ్గా 300. ఇప్పుడైనా తినేద్దామని చూశాను. చేతులు రాలేదు.